మైలుకు 20 పెన్స్ ఇచ్చే కంపెనీ, మూడు వేలు తెస్తానన్న ఏజెంటు

ప్రశ్న: మేడం గారూ, మాది నరసరావుపేట దగ్గర పల్లె. 2023 నవంబర్‌లో హెల్త్ అండ్ కేర్ వీసా మీద లెస్టర్ వచ్చాను. ఇళ్లకు వెళ్లి పెద్దవాళ్లను చూసుకునే పని. రోజుకు ఎనిమిది, తొమ్మిది ఇళ్లు తిరగాలి. కారు మాది, రిజిస్ట్రేషన్ మా వారి పేరు మీద ఉంది. కంపెనీ మైలుకు 20 పెన్స్ ఇస్తుంది. పెట్రోలు, ఇన్సూరెన్స్, టైర్లు అన్నీ మావే. యూనిఫాం ఇంట్లోనే ఉతుక్కుంటాను. మాతో పనిచేసే ఒకావిడ ద్వారా ఒక ఏజెంటు పరిచయమయ్యాడు. మైలేజీ మీద ట్యాక్స్ రిలీఫ్ వస్తుందని, మూడేళ్లకు కలిపి మూడు వేల పౌండ్లు ఇప్పిస్తానని అన్నాడు. ఫీజు 40 శాతం, దాని మీద వ్యాట్. పోయిన శనివారం ఫోన్‌లోనే ఫారం నింపి సంతకం చేసేశాను. అప్పటి నుంచి టెన్షన్‌గా ఉంది. ఇది కంపెనీకి తెలుస్తుందా? వీసాకు ఇబ్బంది అవుతుందా? సీఓఎస్ (వీసా కోసం కంపెనీ ఇచ్చే స్పాన్సర్‌షిప్ సర్టిఫికెట్) కోసం ఊళ్లో కట్టిన డబ్బు కూడా ఖర్చుల్లో చూపించొచ్చు అన్నాడు, నిజమేనా? మా వారేమో ఈ చిల్లర డబ్బుల కోసం తలనొప్పి ఎందుకు అంటున్నారు. – లెస్టర్ నుంచి ఒక సోదరి

సమాధానం: చెల్లెమ్మా, ముందు ఆ శనివారం సంతకం సంగతి చూద్దాం. మిగతావన్నీ ఆగుతాయి, అది ఆగదు.

ఫోన్‌లోనో ఆన్‌లైన్‌లోనో కుదుర్చుకున్న ఇలాంటి సర్వీసు ఒప్పందాన్ని 14 రోజుల్లోపు, కారణం చెప్పకుండానే రద్దు చేసుకునే హక్కు మీకు ఉంది. 2013లో వచ్చిన వినియోగదారుల నిబంధనలు అవి. ఈలోపే పని మొదలుపెట్టమని మీరు రాసిచ్చి ఉంటే, చేసిన మేరకు అతను డబ్బు అడగొచ్చు. అందుకే ఆలస్యం చేయొద్దు. ఈ రాత్రే ఈమెయిల్ పంపండి, ఫోన్ చేసి చెబితే సరిపోతుందనుకోకండి. మూడు ముక్కలు చాలు: ఫలానా తేదీన చేసుకున్న ఒప్పందాన్ని రద్దు చేసుకుంటున్నాను, నా పేరు మీద హెచ్ఎంఆర్‌సీకి (ఇక్కడి పన్నుల శాఖకు) ఏమీ పంపొద్దు, ఇప్పటికే పంపి ఉంటే దాని కాపీ నాకు ఇవ్వండి. ఆ మూడో ముక్క మర్చిపోవద్దు. అతను మీ పేరు మీద ఏం రాసి పంపాడో మీకు తెలియాలి, ఎందుకంటే రేపు దానికి జవాబు చెప్పాల్సింది మీరే.

తర్వాత హెచ్ఎంఆర్‌సీకి ఫోన్ చేసి, నా తరఫున ఎవరైనా ఏజెంటు నమోదై ఉన్నాడా, నా రీఫండ్ ఎవరి ఖాతాకైనా పంపమని రాసి ఉందా అని అడగండి. ఉంటే తీసేయమనండి. ఇదివరకు ఈ కంపెనీలు 'అసైన్‌మెంట్' అనే కాగితం రాయించుకునేవి. ఒకసారి సంతకం పెడితే రీఫండ్ మీద హక్కే వాళ్లదైపోయేది, మీకు దక్కాల్సింది ముందు వాళ్ల ఖాతాలో పడి, ఫీజు కోసుకున్నాక మీకు వచ్చేది. 2023 మార్చి 15 నుంచి అలాంటి కాగితాలు చెల్లవని ప్రభుత్వం తేల్చేసింది. అయినా మీ రీఫండ్ వాళ్ల ఖాతాకు పంపమని మీచేతే రాయించే 'నామినేషన్' దారి మిగిలే ఉంది. మీరు నింపిన ఫారంలో అలాంటి గడి ఉండే ఉంటుంది. ఫోన్ తెర మీద వేలితో కిందికి తోసుకుంటూ వెళ్తే ఎవరికీ కనబడదు.

ఇది చదువుకుని చెబుతున్న మాట కాదు, నేనూ పడ్డాను. నేను 2006లో వచ్చి మొదట కేర్ హోమ్‌లో చేశాను, పేరోల్ పని ఆ తర్వాత నేర్చుకున్నాను. అప్పట్లో ఒక రీఫండ్ కంపెనీ మాకు స్టాఫ్ రూమ్‌లోనే ఫారాలు పంచింది. నాలుగు వందల చిల్లర వచ్చింది, సగం వాళ్లు తీసుకున్నారు, మిగతాదానితో మా అమ్మకు ఫోన్ కొన్నాను. ఏడాదిన్నర తర్వాత గోధుమరంగు కవరు వచ్చింది. నేను ఏనాడూ చేరని యూనియన్ చందా, నేను ఏనాడూ కొనని పనిముట్లు నా పేరు మీద ఖర్చుగా రాశారట. మొత్తం నాలుగు వందలూ వడ్డీతో నేనే కట్టాను. వాళ్లు తీసుకున్న సగానికి కూడా కలిపి. వాళ్లకు ఫోన్ చేస్తే రింగు పోయేది, ఎవరూ ఎత్తేవాళ్లు కాదు.

ఇక అసలు లెక్క.

ట్యాక్స్ రిలీఫ్ అంటే మీరు పెట్టిన ఖర్చు తిరిగి ఇవ్వడం కాదు. ఆ ఖర్చు మేరకు మీ జీతం మీద పన్ను వేయకపోవడం. మన ఊళ్లో ఉద్యోగస్తులు 80సీ కింద లక్షన్నర చూపిస్తే లక్షన్నర చేతికి రాదు కదా, దాని మీద పన్ను మాత్రమే తగ్గుతుంది. ఇక్కడా అంతే. మీరు 20 శాతం పన్ను శ్లాబులో ఉన్నారు కాబట్టి, ఒప్పుకున్న ప్రతి పౌండు ఖర్చుకూ మీకు వచ్చేది 20 పెన్స్. ఏజెంటు ఈ ఒక్క వాక్యం దాటేసి వెయ్యి, మూడు వేలు అంటాడు. అతను చెప్పింది ఖర్చు అంకె, మీరు విన్నది రీఫండ్ అంకె.

కారుకు హెచ్ఎంఆర్‌సీ ఒప్పుకునే రేటు, పన్ను సంవత్సరంలో మొదటి 10,000 మైళ్లకు మైలుకు 45 పెన్స్, ఆపైన 25 పెన్స్. 2011లో పెట్టిన రేటు, మీరు అడిగిన మూడేళ్లకూ అదే. ఇక్కడ మనవాళ్లలో చాలామందికి ఒక పొరపాటు అభిప్రాయం ఉంది: కంపెనీ 45 ఇచ్చి తీరాలని. అలాంటి చట్టమేమీ లేదు. పన్ను లేకుండా ఇవ్వగల హద్దు 45, అంతే. కంపెనీ 20 ఇవ్వొచ్చు, అసలు ఇవ్వకపోనూవచ్చు. తక్కువ ఇచ్చినప్పుడు ఆ తేడా మీద మీరు రిలీఫ్ అడగొచ్చు. మీ విషయంలో తేడా మైలుకు 25 పెన్స్.

మీరు మైళ్లు ఎన్నో రాయలేదు. లెస్టర్ లాంటి ఊళ్లో ఒక క్లయింట్ నుంచి ఇంకో క్లయింట్‌కు తిరిగేవి వారానికి 120 అనుకుందాం. సెలవులు పోను 46 వారాలకు 5,520 మైళ్లు. దాన్ని 25 పెన్స్‌తో గుణిస్తే 1,380 పౌండ్లు. మూడేళ్లకు మూడు వేలంటే ఏడాదికి వెయ్యి కదా, ఏజెంటు అంకె ఇలాంటి ఖర్చు లెక్కలోంచే వచ్చి ఉంటుంది. అందులో 20 శాతం, అంటే 276 పౌండ్లు, మీకు వచ్చేది. అతని ఫీజు 40 శాతం, దాని మీద 20 శాతం వ్యాట్, కలిపి 48 శాతం. 132 పౌండ్ల 48 పెన్స్ అతనికి, 143 పౌండ్ల 52 పెన్స్ మీకు. అతను చేసే పని అరగంటలో మీరే ఊరికే చేసుకోగలిగింది.

మూడేళ్లు అన్నాడు కదా, అక్కడ ఇంకో మెలిక. మీరు 2023 నవంబర్‌లో చేరారు. ఇక్కడ పన్ను సంవత్సరం ఏప్రిల్ 5తో ముగుస్తుంది. ఆ అయిదు నెలల్లో మీ జీతం తొమ్మిది వేల పౌండ్ల లోపే ఉంటుంది. ఏడాదికి 12,570 పౌండ్ల వరకు పన్నే లేదు, ఏడాది మధ్యలో దిగినవాళ్లకు కూడా మొత్తం 12,570 వర్తిస్తుంది. అంటే 2023-24లో మీరు కట్టాల్సిన పన్ను సున్నా. కట్టని పన్ను వెనక్కి రాదు. ఆ ఏడాది తిరిగిన మైళ్లను వచ్చే ఏడాదికి మోసుకెళ్లడానికీ లేదు. ఆ సంవత్సరం పేస్లిప్పుల్లో ఒకవేళ పన్ను కోత కనిపిస్తే అది వేరే రీఫండ్, మైలేజీతో సంబంధం లేకుండానే మొత్తం మీకు రావాలి. పీ60 (ఏడాది జీతం, కోసిన పన్ను చూపిస్తూ కంపెనీ ఇచ్చే కాగితం) తీసి చూసుకోండి.

కాబట్టి మీ మూడేళ్లలో లెక్కకు వచ్చేవి 2024-25, 2025-26. రెండేళ్లకు మైలేజీ మీద 552. యూనిఫాం ఉతకడానికి రసీదులు అడగకుండా ఏడాదికి 60 పౌండ్లు ఖర్చుగా ఒప్పుకుంటారు, దాని మీద 12 పౌండ్లు, రెండేళ్లకు 24. మొత్తం 576. కంపెనీ లోగో ఉన్న ట్యూనిక్ అయ్యుండాలి, ఉతికే ఏర్పాటు కంపెనీ చేయకూడదు. నల్ల ప్యాంటు, మామూలు బూట్లు యూనిఫాం కిందికి రావు. 576 ఎక్కడ, మూడు వేలు ఎక్కడ? ఆ మూడు వేలు నిజంగా వచ్చాయంటే, నా పేరు మీద రాసినట్టే మీ పేరు మీద కూడా ఎవరో కథ రాసినట్టు.

కారు మీ వారి పేరు మీద ఉందని సందేహపడకండి. కంపెనీ కారు కాకపోతే చాలు, నడిపేది మీరైతే చాలు. కానీ డబుల్-అప్ విజిట్లకు (ఇద్దరు కేరర్లు కలిసి వెళ్లాల్సినవి) ఇంకో కేరర్ కారులో పక్కన కూర్చుని వెళ్లిన మైళ్లు మీవి కావు. 45 పెన్స్‌లోనే పెట్రోలు, ఇన్సూరెన్స్, టైర్లు, సర్వీసింగ్, ఎంఓటీ (కారుకు ఏటా చేయించే తనిఖీ), కారు అరుగుదల అన్నీ కలిసి ఉన్నాయి. పెట్రోలు బిల్లులు విడిగా పెడితే తిరగగొడతారు. పని మధ్యలో కట్టిన పార్కింగ్ మాత్రం విడిగా అడగొచ్చు. పార్కింగ్ జరిమానాకు రాదు, అది మీ ఖర్మ.

ఇన్సూరెన్స్ అంటే గుర్తొచ్చింది. మీ పాలసీ కాగితంలో 'బిజినెస్ యూజ్' ఉందో లేదో ఇవాళే చూడండి. ఇంటి నుంచి ఒకే ఆఫీసుకు వెళ్లి రావడానికి తీసుకున్న పాలసీ, క్లయింట్ల ఇళ్ల మధ్య తిరగడానికి సరిపోదు. ఏదైనా గుద్దుకుంటే అప్పుడు తెలుస్తుంది. పన్ను ప్రశ్న కాదు గానీ, చెప్పకుండా ఉండలేకపోయాను.

ఏ మైళ్లు లెక్కలోకి వస్తాయి అన్నది అన్నిటికంటే జాగ్రత్తగా చూసుకోవాల్సిన విషయం. ఒక క్లయింట్ ఇంటి నుంచి ఇంకో క్లయింట్ ఇంటికి వెళ్లేవి నిక్షేపంగా వస్తాయి. ఉదయం ఇంటి నుంచి ఆఫీసుకు వెళ్లి గ్లవ్స్, ఏప్రన్లు తెచ్చుకుంటే ఆ ప్రయాణం రాదు, అది అందరూ పనికి వెళ్లే ప్రయాణం లాంటిదే. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు వరకు ఖాళీ దొరికిందని ఇంటికి వచ్చి ఇంత అన్నం తిని వెళ్తారు చూడండి, ఆ రాకపోకలు కూడా లెక్కలో పెట్టకండి. ఇక ఇంటి నుంచి మొదటి క్లయింట్ వరకు, చివరి క్లయింట్ నుంచి ఇంటి వరకు. ఇది మీ కాంట్రాక్టులో పనిచేసే చోటు అని ఏం రాశారన్నదాని మీద ఆధారపడుతుంది. ఆఫీసు అడ్రసు ఉందా, ఫలానా ఏరియా అని ఉందా, ఆ ఏరియా లోపలే మీరు ఉంటున్నారా, ఇవన్నీ చూస్తారు. నేను పైన వేసిన 120లో ఆ రెండూ కలపలేదు. ఏజెంట్లు కళ్లు మూసుకుని కలిపేది సరిగ్గా వీటినే.

సీఓఎస్ డబ్బు గురించి. ఎంత కట్టారో మీరు రాయలేదు, నేనూ అడగను. నరసరావుపేట నుంచి, ఖమ్మం నుంచి నాకు వచ్చే ఉత్తరాల్లో పొలం అమ్మినవాళ్లు ఉన్నారు. కానీ పన్ను చట్టంలో దానికి చోటు లేదు. 2003 నాటి చట్టం ప్రకారం ఆ ఖర్చు పూర్తిగా, కేవలం, తప్పనిసరిగా ఉద్యోగం *చేయడంలో* పెట్టినదై ఉండాలి. ఉద్యోగం *తెచ్చుకోవడానికి* పెట్టిన వీసా ఫీజు, విమానం టికెట్, టీబీ పరీక్ష, ఇంగ్లిష్ పరీక్ష ఏవీ రావు. సీఓఎస్ కోసం ఎవరో పుచ్చుకున్న డబ్బు అసలే రాదు. అలా అమ్ముకోవడం ఇక్కడి నిబంధనలకే విరుద్ధం. ఆ అంకెను పన్ను ఫారంలో రాయడం అంటే, మీ మీద జరిగిన అన్యాయాన్ని మీ తప్పుడు క్లెయిముగా మార్చుకోవడం. దాని గురించి ఏమైనా చేయాలనుకుంటే లైసెన్సు ఉన్న ఇమిగ్రేషన్ సలహాదారుతో విడిగా మాట్లాడండి, ముందే.

కంపెనీకి తెలుస్తుందా అన్నారు. క్లెయిము మీకూ హెచ్ఎంఆర్‌సీకీ మధ్య విషయం, కంపెనీ సంతకం అక్కర్లేదు. గడిచిన సంవత్సరాల డబ్బు నేరుగా మీకే వస్తుంది. ఇకముందు సంవత్సరాలకు మీ ట్యాక్స్ కోడ్ మారుస్తారు. ఇప్పుడు పేస్లిప్ మీద 1257ఎల్ ఉంటుంది. 1,380 పౌండ్ల ఖర్చు ఒప్పుకుంటే అది 1395ఎల్ అవుతుంది, నెలకు 23 పౌండ్ల పన్ను తగ్గుతుంది. కొత్త కోడ్ పేరోల్‌కు వెళ్తుంది గానీ ఎందుకు మారిందో అందులో ఉండదు. పేరోల్‌లో కూర్చున్న మనిషిగా చెబుతున్నాను, నెలకు పదులకొద్దీ కోడ్‌లు మారుతుంటాయి, ఎవరూ తలెత్తి చూడరు. కాకపోతే ఒకటి: రేపు మీరు కేర్ హోమ్‌లోకి మారి కారు తిరుగుడు ఆగిపోతే ఆ కోడ్ తీసేయమని మీరే చెప్పాలి. లేకపోతే ఏడాది చివర బాకీ తేలుతుంది.

వీసా భయం వదిలేయండి. మీ వీసా షరతుల్లో 'పబ్లిక్ ఫండ్స్' వద్దు అని ఉన్నది యూనివర్సల్ క్రెడిట్ లాంటి ప్రభుత్వ సాయం గురించి. మీరు ఎక్కువ కట్టిన పన్ను తిరిగి తీసుకోవడం సాయం కాదు, మీ డబ్బే. కానీ తప్పుడు క్లెయిము సంగతి వేరు. తిరిగి కట్టాలి, వడ్డీ, జరిమానా కూడా పడొచ్చు. పరాయి దేశంలో పేరు మీద అలాంటి మచ్చ ఎందుకు?

ఫారం విషయానికొస్తే, దాని పేరు పీ87. గవ్.యూకే సైట్‌లో ఆన్‌లైన్‌లోనే నింపొచ్చు, పైసా ఖర్చు లేదు. నేషనల్ ఇన్సూరెన్స్ నంబరు, పీ60 మీద ఉండే కంపెనీ పేయీ రిఫరెన్సు (పన్ను నంబరు), ఏడాదికి తిరిగిన మైళ్లు, కంపెనీ ఇచ్చిన మైలేజీ డబ్బు ఎంత, ఇవి ఉంటే చాలు. కంపెనీ ఇచ్చింది దాచొద్దు. నా అంచనా ప్రకారమైతే ఏడాదికి 1,104, నెలకు 92 చొప్పున మీ పేస్లిప్పుల్లోనే కనబడుతుంది. ఏడాదిలో ఖర్చులు 2,500 పౌండ్లు దాటితేనే సెల్ఫ్ అసెస్‌మెంట్ దాకా వెళ్లాలి, మీకు ఆ అవసరం లేదు. గడువు, ఆ పన్ను సంవత్సరం ముగిశాక నాలుగేళ్లు. 2024-25 మైళ్లకు 2029 ఏప్రిల్ 5 వరకు టైముంది. అంటే ఏజెంటు 'ఈ వారమే ఆఖరు' అని తొందరపెడితే అది అబద్ధం.

2024 అక్టోబర్ నుంచి ఒక పెద్ద మార్పు వచ్చింది. యూనిఫాం లాంటి స్థిర మొత్తాలకు తప్ప మిగతా ఖర్చులకు రుజువులు జతచేయాలి. మైలేజీకైతే ప్రతి ప్రయాణం ఎందుకు చేశారో, ఎక్కడి నుంచి ఎక్కడికో పోస్ట్‌కోడ్‌లతో సహా ఉన్న లాగ్ అడుగుతారు. మీ దగ్గర లాగ్ లేదని ఊహిస్తున్నాను, ఎవరి దగ్గరా ఉండదు. కానీ ఎప్పుడు ఏ ఇంటికి వెళ్లాలో చూపించే రోటా యాప్ ఉంది కదా. అందులో పాత విజిట్లు తేదీ, టైము, అడ్రసుతో ఉంటాయి. ఒకట్రెండు ఆదివారాలు కూర్చుని వాటిని ఒక షీటులోకి ఎక్కించండి, మ్యాప్‌లో దూరం చూసి వేయండి. ఉద్యోగం మారితే యాప్ లాగిన్ తీసేస్తారు, అప్పుడు ఆ చరిత్ర మొత్తం పోతుంది. అందుకే క్లెయిము ఎప్పుడు చేసినా సరే, స్క్రీన్‌షాట్లు మాత్రం ఈ వారమే తీసి పెట్టుకోండి.

ఎన్‌హెచ్‌ఎస్‌లో నర్సులుగా ఉన్నవాళ్లు కూడా ఈ పేజీ చదువుతారు కాబట్టి రెండు మాటలు. మీకు యూనిఫాం మొత్తం 60 కాదు, 125. నర్సుల రిజిస్టర్ చూసే ఎన్ఎంసీకి ఏటా కట్టే ఫీజు, 2025-26లో 120, అది కూడా వస్తుంది. రెండూ కలిపి 245, దాని మీద 20 శాతం 49 పౌండ్లు. నాలుగేళ్లు అడగకుండా వదిలేసినవాళ్లు నాకు తెలిసి బోలెడంతమంది. హాస్పిటల్లో హెల్త్‌కేర్ అసిస్టెంట్లకూ 125 వర్తిస్తుంది. ఇక్కడ నర్సుగా నమోదు కావడానికి రాసే ఓఎస్‌సీఈ పరీక్షకు పెట్టింది మాత్రం రాదు. ఇంటి నుంచి పని రాయితీ కూడా రాయిస్తాం అనే ఏజెంట్లకు నమస్కారం పెట్టండి. నర్సుకు అది వర్తించేదే కాదు, పైగా 2026 ఏప్రిల్ నుంచి దాన్ని ఎత్తేస్తున్నట్టు 2025 నవంబర్ బడ్జెట్‌లో చెప్పేశారు.

ఇప్పుడు మీ వారి మాట. చిల్లర డబ్బుల కోసం తలనొప్పి ఎందుకన్నారు. 276 పౌండ్లు చిల్లర అని నేను అనను గానీ, ఆయన ప్రశ్నలో ఒక న్యాయం ఉంది. మీ జేబుకు పెద్ద చిల్లు ఇక్కడ కాదు, వేరేచోట పడుతుండొచ్చు. ఒక్క పని చేయండి. ఏదో ఒక మామూలు రోజు తీసుకోండి. ఎన్ని గంటలకు జీతం ఇచ్చారు, మొదటి ఇంట్లో అడుగుపెట్టినప్పటి నుంచి చివరి ఇంటి తలుపు వేసేదాకా, ఇంటికి వచ్చిన గ్యాపు తీసేసి, నిజంగా ఎన్ని గంటలు పనిలో, దారిలో ఉన్నారు, పక్కపక్కన రాయండి.

ఉదాహరణకు 2025-26లో గంటకు 12.82 చొప్పున ఏడున్నర గంటలకు, అంటే క్లయింట్ ఇంట్లో ఉన్న నిమిషాలకు మాత్రమే జీతం ఇచ్చారనుకోండి. 96 పౌండ్ల 15 పెన్స్. కానీ ఇళ్ల మధ్య డ్రైవింగ్‌కు ఇంకో గంటన్నర పట్టింది. కనీస వేతనం లెక్కలో ఆ డ్రైవింగ్ కూడా పని సమయమే. 96.15ను తొమ్మిదితో భాగిస్తే గంటకు 10 పౌండ్ల 68 పెన్స్. ఆ ఏడాది 21 దాటినవాళ్లకు కనీస వేతనం 12.21. ఇంకా అయిపోలేదు, పని కోసం మీరు పెట్టుకున్న ఖర్చులో కంపెనీ తిరిగి ఇవ్వనిది కూడా ఈ లెక్కలో జీతం నుంచి తీసేస్తారు. అంటే ఆ 20 పెన్స్‌కు సరిపోని పెట్రోలు ఇక్కడ మళ్లీ కనిపిస్తుంది. ఒక్క రోజు చూసి తేల్చరు, జీతం ఇచ్చే కాలం మొత్తం, మీకైతే నెల, కలిపి చూస్తారు. నెలంతా ఇలాగే ఉంటే మాత్రం రోజుకు పదమూడు పౌండ్ల పైన తేడా. నెల తిరక్కుండానే అది మీ ఏడాది మైలేజీ రిలీఫ్‌ను దాటేస్తుంది.

దీని మీద కూడా ప్రభుత్వానికి ఫిర్యాదు చేయొచ్చు, వెనక్కి ఆరేళ్ల వరకు బకాయి ఇప్పించగలదు. ముందు ఉద్యోగ హక్కుల మీద ఉచితంగా సలహా ఇచ్చే ఏకాస్ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసి పేరు చెప్పకుండానే మాట్లాడొచ్చు. ధైర్యంగా ఫిర్యాదు చేయండి అని ఇక్కడ కూర్చుని చెప్పడం నాకు తేలిక. స్పాన్సర్‌షిప్ పోతే సాధారణంగా 60 రోజులే ఇస్తారని మీకు తెలుసు, నాకూ తెలుసు. ఫిర్యాదు చేయాలా, ముందు వేరే స్పాన్సర్‌ను చూసుకోవాలా, అది మీరూ మీ వారూ కూర్చుని తేల్చుకోవాలి. బకాయి అడిగే టైము మాత్రం ఉంటుంది. ఈ లెక్క కాగితం మీద పెట్టుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. మైలేజీకి రాసే లాగే దీనికీ పనికొస్తుంది.

అందుకే లాగ్ ఎలా రాయాలో చెప్పి ఆపుతాను. క్లయింట్ పేరు రాయకండి, అది వాళ్ల గోప్యత. రోటాలో విజిట్ నంబరు ఉంటే అది చాలు. తేదీ. బయల్దేరిన టైము, చేరిన టైము. ఏ పోస్ట్‌కోడ్ నుంచి ఏ పోస్ట్‌కోడ్‌కు. మైళ్లు. ఎందుకు. ఇలాగన్నమాట: '7.50 నుంచి 8.06, బెల్‌గ్రేవ్ నుంచి ఎవింగ్టన్, 3.1 మైళ్లు, ఉదయం మందులు, స్నానం.' ఊరి పేర్లకు బదులు మీరు పోస్ట్‌కోడ్‌లు వేసుకోండి. సాయంత్రం గుర్తు తెచ్చుకుని రాద్దామంటే కుదరదు, ఎనిమిదో ఇంటికి వచ్చేసరికి మూడో ఇల్లు మర్చిపోతారు. ఇంజిన్ ఆపి, సీటు బెల్టు తీసే ముందు రాసేయాలి. నేనూ ఇళ్లకు తిరిగిన రోజుల్లో ఫోన్‌లో రాద్దామని రెండు మూడుసార్లు మొదలుపెట్టి మానేశాను, గ్లవ్స్ వేసుకుని తీసీ తీసీ చేతులు పొడిబారి ఆ తెర పనిచేసేది కాదు. చివరికి నాలుగు గీతల నోటుపుస్తకం డోరు అరలో పడేసి, పెన్నుకు దారం కట్టి స్పైరల్‌కు ముడేశాను. ఆ పెన్ను ఒక్కటే ఇప్పటిదాకా పోలేదు.